నలభై రెండో పద్యంలో నాలుగో పాదం

పాస్టరుగారి భార్యగా ఉన్న ఇరవై ఏళ్ళలో మా ఇంట్లో అన్నం ఒక్కలాగా ఉడికిన రోజు లేదు. అది నా చేతి తప్పు కాదు, బియ్యంలోనే ఉంది. కొత్తపేటకు నాలుగు మైళ్ళ లోపల, కాలవ గట్టు మీద ఉన్న ఒక ఊళ్ళో మా ఆయన సంఘం. ఆ సంఘంలో ప్రతి ఇల్లాలూ పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తుంది. ఆదివారం ఆ వారం పిడికిళ్ళన్నీ గుడ్డసంచీలో కట్టి తెచ్చి, చర్చిలో పాస్టరు నిలబడే బల్ల ముందున్న గంపలో పోస్తుంది. అది దేవుడి పిడికెడు. ఆరాధన అయ్యాక ఆ గంప మా వంటింటికి వచ్చేది.

ఒక ఇంటిది సన్నబియ్యం, ఒక ఇంటిది ముతక, ఒకరిది రేషను బియ్యం, ఇంకొకరివి ఉత్త నూకలు. అన్నీ కలిపి పోస్తే సగం ముద్దయ్యేది, సగం పలుకుగా ఉండేది. అందుకని ఆదివారం మధ్యాహ్నమంతా చేట ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. నూకలు జావకు, ముతకవి మాకు, సన్నవి ఇంటికెవరైనా వస్తే వండడానికి. ఒక్క గింజ పారేసి ఎరగను. మా ఆయన దాని మీద కూడా పద్యం కట్టారు.

నూరు గడపలందు నూకలో గింజలో
పిడికెడేసి పెట్టి పెంచినారు

తర్వాతి రెండు పాదాలూ నాకిప్పుడు నోటికి రావు. వినడానికి బాగానే ఉంది. వండేది నేను. ఆయన పెంచినారు అన్నారు గాని, కట్టేశారు అని నాకనిపించేది. నూరిళ్ళ బియ్యం తిన్నవాళ్ళు నూరిళ్ళకూ జవాబు చెప్పుకోవాలి. నా కూతురు కొత్త రిబ్బను పెట్టుకుంటే ఎక్కడిదని అడిగేవారు. మా పెరట్లో కొబ్బరికాయ రాలితే, అది చర్చి చెట్టు కాబట్టి, ఫలానా రోజు రాలిందని పెద్దలకు చెప్పేదాన్ని. మేమున్న రెండు గదుల ఇల్లూ సంఘానిదే. ఆయన బల్ల దగ్గర నిలబడినన్నాళ్ళే ఆ కప్పు మాది.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఇలా కూర్చుని రాయడం నాకు అలవాటు లేదు. కాని ఆయన పద్యాల పుస్తకంలో నలభై రెండో పద్యం గురించి ఒక సంగతి ఉంది. అది తెలిసినవాళ్ళం నలుగురం. అందులో ముగ్గురు వెళ్ళిపోయారు.

ఆయన గురించి ముందు చెప్పాలి. ఆయన తండ్రి పాలేరు. చిన్నప్పుడు కామందుల ఊళ్ళో నాటకం ఆడుతుంటే ఈయన పందిరి బయట, తడికె పక్కన నిలబడి పద్యాలు వినేవారట. రాగం తీసి పాడేవాళ్ళను చూడడానికి వీల్లేదు, వినడమే. అలా విని విని పద్యం నడక ఆయన చెవికి పట్టింది. తర్వాత మిషను హాస్టల్లో చదివారు, సెమినరీకి వెళ్ళారు, పాస్టరయ్యారు. తోటి పాస్టర్లంతా కీర్తనలు రాసేవారు. ఈయనకు మాత్రం ఏం తోచినా నాలుగు పాదాల పద్యంగానే తోచేది. మనవాళ్ళకు అది నచ్చేది కాదు. “పద్యాలు మనకెందుకండీ అయ్యగారూ, తబలా మీద పడే పాటొకటి కట్టండి” అనేవారు. అవతలివాళ్ళు, పాలేరు కొడుకు పద్యం రాయడమేమిటని నవ్వేవారు. ఆయన రెండు వైపులా నవ్వించుకుని, సైకిలు తొక్కుకుంటూ, పెదవులు కదుపుకుంటూ వెళ్ళిపోయేవారు. ఒకసారి అలాగే కాలవలో పడ్డారు. తడిబట్టలతో వచ్చి ముందు కాగితం అడిగారు, తర్వాత తువ్వాలు.

ఆయన పద్యాన్ని పద్యంగా విన్నది ఒక్కరే, హైస్కూలు తెలుగు మాస్టారు. బ్రాహ్మలు, నిష్ఠ గలవాళ్ళు. మా ఇంట్లో మంచినీళ్ళు పుచ్చుకోరు, కాని మా వీధి అరుగు మీద రెండేసి గంటలు కూర్చునేవారు. “అయ్యగారూ, మీ దేవుడి సంగతి నాకు తెలీదండి. మీ యతి మాత్రం ఎక్కడా తప్పదు” అనేవారు. మా ఆయనకు అంతకంటే పెద్ద సన్మానం జరగలేదు.

కాగితాలు కొనిపెట్టే అలవాటు నాకు లేదు. పాత కేలండరు కాగితాలు వెనక్కి తిప్పి, నాలుగుగా మడిచి, దారంతో కుట్టి ఇచ్చేదాన్ని. మొదట్లో ఆయనే రాసుకునేవారు.

డెబ్బయ్యో దశకం చివర, ఒక సాయంత్రం లాంతరు వెలిగిస్తే ఆయన కన్నార్పకుండా చూస్తూ, “దీపం చుట్టూ ఇంద్రధనుస్సు పడుతోందే” అన్నారు. నాకు కనబడలేదు. ఆయన దాన్ని దేవుడు చూపించిన గురుతనుకున్నారు. దాని మీద వరసగా మూడు పద్యాలు చెప్పారు. నేను, “పద్యం తర్వాత, డాక్టరు ముందు” అన్నాను. అయినా వెళ్ళేసరికి ఏడాది పట్టింది. ఈలోగా మెట్లు తప్పుతున్నారు, గుమ్మానికి భుజం కొట్టుకుంటున్నారు. కాకినాడలో కళ్ళ డాక్టరు దీపం వేసి చూసి, “నీటికాసులండి. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కూడా నిలవదు” అని చెప్పేశాడు. మూడు నెలలు తిరగకుండానే నా ముఖం కూడా ఆయనకు నీడైపోయింది.

కాకినాడ నుంచి బస్సులో తిరిగి వస్తున్నప్పుడే ఆయన అన్నారు, “ఆదివారం పెద్దలకు చెప్పేస్తాను.”

“చెప్పి?”

“చెప్పి మానేస్తాను. చూపు లేనివాడు బల్ల దగ్గర నిలబడకూడదు.”

“మానేసి ఎక్కడ దిగుతాం? మీ నాన్నగారి పాకలోనా? అది పడిపోయి ఆరేళ్ళయింది.”

మా అమ్మాయి టీచరు ట్రైనింగులో చేరి అప్పటికి ఆరు నెలలు. ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆ చదువు సంఘం సిఫారసు మీద వచ్చిన సీటు. ఆయన దిగిపోతే ఇల్లు పోతుంది, సీటు నిలుస్తుందో లేదో తెలియదు. అది పాసై ఉద్యోగంలో చేరేదాకా మా ముగ్గురికీ ఈ లోకంలో ఇంకో గడప లేదు.

“ఇది అబద్ధమవుతుందే” అన్నారు జొన్నాడ దాటాక.

“ఎవరైనా అడిగితే కదండీ అబద్ధం. అడగకుండా చూసుకునే పని నాది.”

ఆ మాటతో ఆయన్ని కట్టేశాను. నన్ను నేను కట్టేసుకున్నానని అప్పుడు తోచలేదు.

చర్చి తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా పదకొండు అడుగులు. నేను కొబ్బరిపీచు నానబెట్టి, దంచి, తాడు పేని, మూరెడు వెడల్పున పట్టా అల్లి పరిచాను. కాలికింద పీచు గరుకు తగిలినంతసేపూ ఆయన తిన్నగా నడుస్తున్నట్టు. నున్నగా తగిలితే మెట్టు వచ్చినట్టు. “అమ్మగారు ఎంత భక్తిగా అల్లేరండీ” అని ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. శనివారం మధ్యాహ్నం వాక్యభాగం నేను చదివేదాన్ని. కూడబలుక్కుంటూ చదివే నా చదువుతో ఒక అధ్యాయానికి గంట పట్టేది. ఆయన రెండుసార్లు వింటే చాలు, అక్షరం పోకుండా చెప్పేవారు. ఆదివారం బైబిలు తెరిచి, తాటాకు ముక్క పెట్టిన చోట వేలు ఆనించి చదువుతున్నట్టు చెప్పేవారు. పేజీ తిప్పాల్సిన చోట నేను ముందు బెంచీలో కూర్చుని దగ్గేదాన్ని. ఆ రోజుల్లో నాకు ఎన్నో దగ్గుమందులు చెప్పారు ఊళ్ళోవాళ్ళు.

ఇళ్ళకు ప్రార్థనకు వెళ్ళినా పక్కన నేనుండాల్సిందే. గుమ్మం తక్కువగా ఉంటే “తల” అని గొణిగేదాన్ని. ఎదురుగా ఎవరున్నారో, “ఫలానా వదినగారూ, బాగున్నారా” అని ముందు నేను పలకరించేదాన్ని. సంఘపెద్ద ఒకాయన ఉండేవారు. కొబ్బరి వర్తకం, గట్టి మనిషి. చర్చిలో ఎవరి పిల్ల కునికినా లేపి నిలబెట్టేవారు. నాకు అందరికంటే ఆయనంటేనే భయం. ఆయన నలుగురిలో అనేవారు, “అయ్యగారికి ఈ వయసులో కొత్త పెళ్ళికొడుకు లక్షణాలొచ్చేయండి. అమ్మగారి కొంగు వదిలి ఒక్క గడప ఎక్కడం లేదు.”

“ఆయ్, ముసలితనంలో ముచ్చటండి” అని మా ఆయన నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు. నాకు అలవాటు లేదు.

ఏడాది అలా గడిచింది. నేను సంతకు వెళ్ళలేదు, పెళ్ళికి వెళ్ళలేదు, పక్కింటి అరుగు మీద కూర్చోలేదు. నీళ్ళు తోడుతున్నా ఒక చెవి ఇంట్లో ఉండేది. ఎవరైనా గేటు తీస్తే చప్పుడు ముందు నాకు వినబడాలి. లేకపోతే ఆయన తడుముకుంటూ కనబడిపోతారు. పెరట్లోంచి వీధిలోకి, వీధిలోంచి వంటింట్లోకి, గానుగెద్దులాగా ఆ రెండు గదుల చుట్టూనే తిరిగాను. ఆయనైనా పద్యాల్లో ఎక్కడికైనా వెళ్ళి వచ్చేవారు. తెల్లవారుజామున లేచి కూర్చుని చెప్పేవారు, నేను పొయ్యి దగ్గర రాసేదాన్ని. నా అక్షరాలు గుండ్రంగా, పెద్దవిగా ఉండేవి. పొడవు మాటలు వచ్చినప్పుడు కాగితం అయిపోతోందని విసుక్కునేదాన్ని. “పొదుపు మాటల్లో కూడానా?” అనేవారు.

ఆ ఏటి ముసురు రోజుల్లో, ఒక శుక్రవారం, మా పుట్టింటి నుంచి మనిషి వచ్చాడు. మా పుట్టిల్లు రాజోలు వైపు, వైనతేయ రేవు దాటి అప్పనపల్లికి ఇవతల. అమ్మ మంచం పట్టింది, నిన్నే కలవరిస్తోంది, ఇప్పుడే బయల్దేరమని కబురు. ఆ ఆదివారం సంస్కారం. రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. నేను లేకుండా ఆయన గిన్నె ఎత్తలేరు.

“వెళ్ళు. నాకు జ్వరమని చెప్పి పడుకుంటాను” అన్నారు.

“పడుకుంటే చూడ్డానికి ఊరంతా వస్తుంది. ఒక్కొక్కరూ మంచం పక్కన కూర్చుంటారు. అప్పుడేం చేస్తారు?”

వచ్చిన మనిషికి అన్నం పెట్టి, ఆదివారం ఆరాధన అయ్యాక వస్తానని చెప్పి పంపేశాను. ఆదివారం మధ్యాహ్నం మా ఆయన్ని గదిలో కూర్చోబెట్టి, కాగితాల పని ఉంది ఎవరినీ రావద్దన్నారని వాకిట్లో చెప్పి బయల్దేరాను. వానకు రేవులో పడవ ఆలస్యమైంది. నేను వెళ్ళేసరికి మా అన్నయ్య పెట్టెకు మేకులు కొడుతున్నాడు. కొట్టిన మేకులు తీయించి అమ్మ ముఖం చూపించారు. మట్టి వేసి, తడిచీరతోనే తిరుగు పడవెక్కాను. “కన్నతల్లి కంటే నీకు నీ పాస్టరమ్మ పెత్తనం ఎక్కువైపోయిందే” అని మా వదిన రేవు దాకా వచ్చి మరీ అంది. జవాబు చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే, అది చెప్పకూడనిది.

ఇంటికి వచ్చేసరికి ఆయన నేను కూర్చోబెట్టిన కుర్చీలోనే ఉన్నారు. మంచినీళ్ళకు కూడా లేవలేదు. కుండ తగిలి పగిలితే ఎవరైనా వస్తారని. ఏమైంది అని అడగలేదు. నా చీర తడి తగిలి, ఆ రాత్రే తిరిగి వచ్చానంటే అమ్మ లేదని తెలుసుకున్నారు. మర్నాడు పొద్దున నేను పొయ్యి ఊదుతుంటే, రాసుకో అన్నారు.

రెండు దీపములును కొండెక్కెనో తండ్రి
చేయి పట్టి నడుపు చీకటందు
నీవు తోడు రాగ నేనేల వెరతును

నాలుగో పాదం కూడా చెప్పారు. చెప్పి నా వైపు ముఖం తిప్పి కూర్చుని, “రాశావా?” అన్నారు. నేను పుల్లలు ఎగదోస్తూ, “ఊఁ, రాశాను” అన్నాను. రాయలేదు. మొదటి పాదంలో దీపాలు కొండెక్కితే ఎవరూ పట్టించుకోరు, ఎవరి బాధ వాళ్ళనుకుంటారు. నాలుగో పాదం అలాంటిది కాదు. అందులో ఆయనకు కళ్ళు లేవని ఉంది, నేనున్నానని ఉంది. అది కాగితం మీద ఉంటే ఎవరి కంటైనా పడుతుంది. ఖాళీ వదిలితే బాగుండదని, ప్రార్థనల్లో రోజూ అనే మాటే ఒకటి రాసేశాను. “నీకే స్తోత్రము నా ప్రభువా.” దేవుడి మాటే కదా, దేవుడి పద్యంలో ఇముడుతుందనుకున్నాను. పద్యానికి కొలత ఉంటుందని నాకు తెలుసు. బియ్యం కొలిస్తే నాలుగు గింజలు అటూ ఇటూ అయినా సోలెడు సోలెడే కదా అని, పద్యమూ అంతే అనుకున్నాను. ఏడాదిగా ఆయన కళ్ళను దాచిన మనిషిని, చెవిని లెక్కలోకి తీసుకోలేదు.

కొన్నాళ్ళకు చర్చి కట్టి యాభై ఏళ్ళయిందని జూబిలీ తలపెట్టారు. అయ్యగారి పద్యాలు చిన్న పుస్తకంగా వేయించాలని సంఘపెద్దగారికే బుద్ధి పుట్టింది. నేను కేలండరు కాగితాలన్నీ తెల్లకాగితాల మీదికి ఎత్తి రాశాను. వంద పద్యాలు. అమలాపురం ప్రెస్సుకు ఇచ్చే ముందు తెలుగు మాస్టారు ఒకసారి చూస్తే మంచిదన్నారు. ఇద్దరూ కలిసి ఒక సాయంత్రం పూట మా ఇంటికి వచ్చారు. అప్పటికి అమ్మాయి ట్రైనింగు ఇంకా నాలుగు నెలలుంది.

ముగ్గురూ వీధి అరుగు మీద కూర్చున్నారు. నేను గుమ్మం లోపల చేట పెట్టుకుని బియ్యం ఏరుతున్నాను. మాస్టారు కాగితాలు తిరగేస్తూ, “అంతా ముత్యాల్లా ఉందండి. ఒక్కచోట మాత్రం నాకు బోధపడలేదు” అని నలభై రెండో పద్యం రాగం తీశారు. మూడు పాదాలు నడిచాయి. నాలుగో పాదం దగ్గర ఆయన గొంతు తడబడి ఆగిపోయింది.

“నీకే స్తోత్రము నా ప్రభువా, అని ఉందండి. గణం లేదు, యతి లేదు. ఇది మీరు చెప్పిన పాదమేనా అండి?”

“కాదండి” అన్నారు మా ఆయన మెల్లిగా.

“మరి ఈ ప్రతి మీరు చూసేరు కదండీ, ఎలా పోనిచ్చేరు?”

“చూసి ఉంటారండి, వందలో ఒకటి ఎలాగో తప్పుకుంది” అన్నారు సంఘపెద్దగారు. “అసలు పాదం చెప్పెయ్యండి అయ్యగారూ, మాస్టారు దిద్దేస్తారు.”

నా చేతిలో చేట ఒరిగిపోయింది. గుమ్మంలోకి వచ్చి నిలబడి, వద్దని తల ఊపాను. చెయ్యి ఊపాను. నోటి మీద వేలు పెట్టుకున్నాను. ఏడాదిగా దగ్గుతో, గొణుగుడుతో మాట్లాడిన మనిషిని, ఆ కంగారులో ఆయన కళ్ళకు సైగ చేశాను. ఆయన నా వైపే తిరిగి ఉన్నారు. నా చెయ్యి ఆయన ముఖానికి మూరెడు దూరంలో ఊగుతోంది. ఆయన రెప్ప కదలలేదు.

సంఘపెద్దగారు నా చేతిని చూశారు. ఆయన కళ్ళను చూశారు. మళ్ళీ నా చేతిని చూశారు. నేను చెయ్యి దించేసరికి అంతా అయిపోయింది.

మా ఆయనకు ఇదేదీ తెలియదు. గొంతు సవరించుకుని నాలుగో పాదం రాగం తీసి చెప్పారు.

ఇంటిదాని కన్ను లిచ్చినావు

మాస్టారు కాగితాలు ఒళ్ళో పెట్టేసుకున్నారు. కాలవ మీద పడవ వాడెవడో ఎవరినో తిడుతున్నాడు, ఆ మాటలన్నీ స్పష్టంగా వినబడ్డాయి.

“ఎన్నాళ్ళబట్టండి అమ్మగారూ?” అన్నారు సంఘపెద్దగారు. అయ్యగారిని అడగలేదు, నన్ను అడిగారు.

“ఏడాది దాటిందండి.”

“అంటే నా మనవడికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు...”

“ఆయ్. అప్పటికే లేదండి.”

ఆయన తువ్వాలు మడతలు సరిచేసుకున్నారు. “నీళ్ళు నెత్తి మీదే పడ్డాయి కదండీ?”

“సరిగ్గా నెత్తి మీదే పడ్డాయండి. నేను చూసేను.”

“అయితే సరే” అన్నారు. “అమ్మాయి చదువు ఎప్పటికి అవుద్దండి?”

“ఇంకా నాలుగు నెలలు.”

మా ఆయన లేచి నిలబడ్డారు. “పెద్దగారూ, నేను ఈ ఆదివారమే చెప్పేస్తానండి. సంఘాన్ని మోసం చేశాను.”

“కూర్చోండి అయ్యగారూ. మీరు చెప్తే సోమవారం కూటం పెడతారు. ఆ కూటంలో నేనొక్కణ్ణే ఉండను. ఇల్లు ఖాళీ చేయించమనేవాళ్ళు పదిమందున్నారు, ఆ సీటు మా పిల్లకనేవాళ్ళు ఇద్దరున్నారు. నేను ఆపలేనండి. నేనేం చూడలేదు, మాస్టారేం వినలేదు. నాలుగు నెలలూ పోనివ్వండి. పుస్తకంలో మాత్రం ఆ పాదం పడకూడదు. అమ్మగారు రాసిందే ఉంచేద్దాం.”

“అది పద్యం కాదండి!” అని మాస్టారు కేక వేసినంత పని చేశారు. “అది అచ్చేస్తే ఈయన పేరు పోతుందండి.”

“అయితే మీరే ఒకటి పెట్టండి, సరిపోయేది.”

“ఇంకొకరి పద్యంలో నేనా?”

మా ఆయన అన్నారు, “నా పాదం తీసేస్తే ఆ పద్యమే వద్దండి. తొంభై తొమ్మిది చాలు.”

“తొంభై తొమ్మిది వేస్తే ఒకటేమైందని అడుగుతారండి. వంద పద్యాలని టముకు వేసినట్టు ఊరంతా చెప్పేను” అన్నారు పెద్దగారు.

అప్పుడు నేను మాట్లాడాను. మగవాళ్ళ మధ్య మాట్లాడే అలవాటు నాకు లేదు. “ఉండనివ్వండి. మాస్టారుగారి చేతే ఒక పాదం చెప్పించి పెట్టించండి” అన్నాను.

ఆయన నా గొంతు వచ్చిన వైపు తిరిగారు. “అది నీకోసం చెప్పిందే.”

“తెలుసు. అందుకే నేను అడుగుతున్నాను.”

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆయన నాకు ఇచ్చింది ఏదైనా ఉంటే ఆ ఒక్క పాదం. చీరలు, నగలు నేను ఎప్పుడూ కోరలేదు, ఆయన దగ్గర లేవు. ఆ పాదాన్ని నేనే ఒకసారి రాయకుండా దాచాను, ఇప్పుడు నలుగురి ముందూ వద్దన్నాను. ఆయన గుమ్మం తడుముకుని కూర్చున్నారు. ఏడాదిలో మొదటిసారి ఎవరి ముందూ దాచకుండా తడుముకున్నారు.

“చెప్పండి మాస్టారూ” అన్నారు.

మాస్టారు కండువాతో ముఖం తుడుచుకుని చాలాసేపు ఆలోచించారు. తర్వాత నేలచూపులు చూస్తూ చెప్పారు. “దారి చూపుమయ్య దైవరాయ.”

మా ఆయన వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నారు. “గణాలు సరిపోయాయండి. యతి కూడా సరిపోయింది.”

వెళ్ళబోతూ మాస్టారు ఆగి, “అమ్మా, కొంచెం మంచినీళ్ళిప్పించండి” అన్నారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. రాగిచెంబు తోమి ఇచ్చాను. ఎత్తి పోసుకుని తాగి వెళ్ళిపోయారు.

పుస్తకం వచ్చింది. జూబిలీ జరిగింది. నాలుగు నెలలూ పీచుపట్టా మీద ఆయన నడిచారు, నేను దగ్గాను. ఒక తేడా వచ్చింది. ఇప్పుడు పేజీ తిప్పాల్సిన చోట మగవాళ్ళ బెంచీలోంచి సంఘపెద్దగారు కూడా దగ్గేవారు. కొన్నిసార్లు తప్పుచోట దగ్గేవారు, ఆయనకు ఆ పని రాదు. ఎవరైనా అనుమానంగా చూస్తే, నా దగ్గు ఆయనకు అంటుకుందని నేనే చెప్పాల్సి వచ్చింది. నాకు ఊపిరాడుతుందనుకున్నాను గాని, లేదు. ఒకరు తెలుసుకున్నాక ఇంకొకరు తెలుసుకుంటారన్న భయం రెట్టింపైంది.

అమ్మాయి పాసయింది. అమలాపురంలో ఒక స్కూల్లో చేర్చుకున్నారు. ఆ వారమే ఆయన ఒంట్లో బాగుండడం లేదని చెప్పి మానేశారు. వెళ్ళే రోజున ఆడవాళ్ళంతా వరసగా వచ్చి నా సంచీలో తలా ఒక పిడికెడు పోశారు. అమలాపురంలో అద్దె గదిలో ఆ బియ్యం అయిపోయాక నేను మొదటిసారి కొట్లో బియ్యం కొన్నాను. ఒకే రకం. అన్నం తెల్లగా, పొడిపొడిగా ఉడికింది. ఆయన రెండు ముద్దలు తిని, “ఇందులో ఎవరూ లేరే” అన్నారు.

అక్కడ కూడా ఆయన పద్యాలు చెప్పారు, పోయేదాకా చెప్పారు. కాని రాసిపెట్టమని నన్ను మళ్ళీ అడగలేదు. అమ్మాయి స్కూలు నుంచి వచ్చేదాకా ఆగి, దాని చేత రాయించుకునేవారు. నేను పక్కనే కూర్చుని బట్టలకు అతుకులు వేసుకునేదాన్ని.

ఎనభైల మధ్యలో ఒక వేసవిలో ఆయన పోయారు. పాత సంఘమే వచ్చి తమ ఊరికి తీసుకెళ్ళి మట్టి చేసింది. ఆ నలభై రెండో పద్యం అప్పటికి అక్కడ వాడుకైపోయింది. ఎవరు పోయినా గుంట దగ్గర అదే పాడుతున్నారు. ఆయనకూ అదే పాడారు. మాస్టారు దూరంగా గట్టు మీద, గొడుగు పట్టుకుని నిలబడ్డారు. మూడు పాదాలు అయ్యాయి. నాలుగోది వచ్చేసరికి మాస్టారు నా వైపు చూశారు, సంఘపెద్దగారు నా వైపు చూశారు. ఇంక ఇల్లు ఖాళీ చేయించేవాళ్ళు లేరు. కాపాడుకోవలసిన సీటు లేదు. ఒక్కసారి నోరు తెరిచి ఆయన పాదం ఆయనకు వినిపిస్తే చాలు. తెరిచాను.

“దారి చూపుమయ్య దైవరాయ” అని వచ్చింది. అందరితో పాటు, రాగం కూడా తప్పకుండా.

ఇప్పుడు ఆ పుస్తకాల్లో నా దగ్గర ఒకటే మిగిలింది. నలభై రెండో పద్యం దగ్గర అచ్చులో ఉన్న నాలుగో పాదం కొట్టెయ్యలేదు. అది కూడా ఒక మంచి మనిషిది. దాని కింద కాస్త ఖాళీ ఉంది. అందులో నా గుండ్రటి అక్షరాలతో ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆయన ఎదురుగా కూర్చుని “రాశావా?” అని అడిగిన రోజున రాయని దాన్ని, ఇప్పుడు రాశాను.